నా మందు పడని రెండు కూనలు

ఉద్యోగంలో చివరి ఏడేళ్లు నేను శామీర్‌పేట వైపు ఒక పశువుల ఆసుపత్రిలో గడిపాను. దాని గోడ మీద ఒక బోర్డు ఉండేది. శాఖ పెట్టించింది కాదు, నేనే పెయింటర్‌ను పిలిచి రాయించాను. “ఇక్కడ రోగానికి మందు ఇస్తాం. దిష్టికి ఇవ్వం.” దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో, “తాయెత్తులు, నల్లదారాలు గేటు బయటే విప్పి పశువును లోపలికి తోలుకు రావలెను.”

జనం బోర్డు మాట మన్నించారు. గేటు దగ్గర తాయెత్తు విప్పి, గేటు కమ్మీకే కట్టి, గేదెను లోపలికి తెచ్చేవారు. తిరిగి వెళ్తూ కొందరు మళ్లీ మెడకు కట్టేవారు, కొందరు మరిచిపోయేవారు. ఆరు నెలలు తిరిగేసరికి మా గేటు రంగురంగుల దారాలతో నిండిపోయింది. దారిన పోయే ఒకావిడ చెప్పులు విడిచి ఆ గేటుకు దండం పెట్టుకోవడం నేను కిటికీలోంచి చూశాను. మూఢనమ్మకాల మీద యుద్ధానికి బయలుదేరి శామీర్‌పేటలో ఒక కొత్త దేవుణ్ణి వెలయించిన ఘనత నాది.

ఇప్పుడు నవ్వుతున్నాను గాని అప్పుడు కోపమే వచ్చింది. కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. బడి మైదానాల్లో నిప్పుల మీద నడిచి, నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇందులో మహిమేమీ లేదు, మీరూ చేయొచ్చు అని పిల్లలకు చూపించినవాణ్ణి. వేదిక మీద నాకు ఇష్టమైన వాక్యం ఒకటి ఉండేది. ఎవరైనా పెద్దమనిషి లేచి “మా తాతల కాలం నుంచీ ఇంతే” అనగానే, మైకు దగ్గరికి జరిగి, “ఎన్నేళ్ల నుంచి నమ్ముతున్నారో చెప్పారు. ఎప్పుడు పరీక్షించి చూశారో కూడా చెప్పండి” అనేవాణ్ణి. చప్పట్లు మోగేవి. ఆ చప్పట్లంటే నాకు మోజు ఉండేదని ఒప్పుకోవడానికి ఈ వయసులో ఇబ్బందేమీ లేదు.

ఈ మధ్యనే పశువైద్యం చదువుకొని ఉద్యోగాల్లో చేరిన మీ కోసం ఇది రాస్తున్నాను. నేను ఊరందరినీ అడిగిన ఆ ప్రశ్న ఒకనాడు తిరిగి వచ్చి నన్నే అడిగింది. అడిగించినవి గేదెలూ కావు, ఎద్దులూ కావు. అరచేతిలో ఇమిడే ఐదు పిల్లి కూనలు.

మా ఆసుపత్రికి చెరువు గట్టు నుంచి ఒకావిడ వస్తుండేది. అరవై దాటిన మనిషి. చేపలు పట్టే కుటుంబం. ఇంట్లో మగవాళ్లు చెరువు మీదికి పోతే ఈమె గట్టు కింది రేకుల కొట్టంలో కూర్చొని వలలు బాగుచేసేది. వలలకు శత్రువు ఎలుక. చేపల వాసన పట్టిన దారాన్ని ఎలుక కొరికి పారేస్తే, దాన్ని మళ్లీ అల్లుకోవడానికి ఆమెకు వారం పట్టేది. వల లేని వారం ఆ ఇంటికి చేప లేని వారం. అందుకని ఆ కొట్టంలో ఎప్పుడూ ఒక పిల్లి ఉండేది. అప్పుడున్న పిల్లి ముసలిది, ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. ఇదే దాని ఆఖరి ఈత అని, ఈ పిల్లల్లో ఒకటైనా కొట్టంలో నిలవాలని ఆమె ఆశ. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలుసుకోవలసింది.

ఒకరోజు పొద్దున మేకకు నట్టల మందు తాగించడానికి వచ్చింది. మందు అయ్యాక, మేకను పట్టుకొని పోతూ పోతూ అంది.

“సార్, మా పిల్లి ఈనింది. ఐదు పిల్లలు. పన్నెండు దినాలాయె, కండ్లు దెర్వలే.”

“తెరుస్తయ్ తియ్యి అక్కా. రెండు మూడు రోజులు అటిటు అయితది.”

“నాక్గూడ ఎర్కే సార్. ఇంక నాలుగిండ్లే తిరిగింది గద. ఏడిండ్లు తిరిగినంకనే తెరుస్తయ్. మా అవ్వ కాలం నుంచి గంతే.”

పిల్లి తన పిల్లల్ని నోట కరుచుకొని చోట్లు మారుస్తుందని అందరికీ తెలిసిందే. కుక్క వాసన పట్టిందని మారుస్తుంది, ఈగలు ముసిరాయని మారుస్తుంది, మనిషి తొంగి చూశాడని మారుస్తుంది. మనవాళ్లు దానికి ఏడిళ్ల లెక్క కట్టారు. ఆ లెక్కకు కళ్లు తెరవడాన్ని ముడిపెట్టడం ఆ గట్టు మీదివాళ్ల సొంత తెలివి. అందులోనూ “మా అవ్వ కాలం నుంచి” అన్న మాట నా చెవిన పడింది. ఇక నేను ఆగుతానా?

“ఏడే ఎందుకక్కా? ఆరిండ్లకు తెరవవా? ఊర్లె ఆరే ఇండ్లుంటే ఆ ఊరి పిల్లులన్ని గుడ్డియేనా? అడవిల పిల్లికి ఇండ్లు ఎవడు కట్టిచ్చిండు?”

వరుసలో గేదెలతో నిలబడ్డవాళ్లు నవ్వారు. నాకు సభ దొరికింది. పది నిమిషాలు మాట్లాడాను. ఏడు అనే అంకె మీద మన జనానికున్న మోజు గురించి, కాకతాళీయం గురించి, తర్వాత జరిగినదంతా ముందు జరిగినదాని వల్లే జరిగిందనుకునే పొరపాటు గురించి. మంచి ఉపన్యాసమే. ఆమె మేక తాడు చేతికి చుట్టుకుంటూ ఓపిగ్గా విని, నేను ఊపిరి తీసుకునే సందులో అడిగింది.

“గట్లనే గానీ సార్, మరి రెప్పల కింద గోలీల లెక్క ఉబ్బిందేంది?”

“ఉబ్బిందా?”

“ఉబ్బినయ్. ఒకదానికి సందుల నుంచి పసుపు నీళ్లు గార్తున్నయ్. గదే అడుగుదామని వస్తి. నువ్వు జెప్పనిస్తేగా.”

ఉపన్యాసం అక్కడ ఆగిపోయింది.

మా కాంపౌండరమ్మ అప్పటికే సంచి సర్దేసింది. ఈమె గురించి ఒక మాట చెప్పాలి. గౌడవెల్లి నుంచి రోజూ స్కూటీ మీద వచ్చేది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. కాగితాల మీద ఆమె హోదా వేరే ఏదో ఉంది గాని ఊరందరికీ కాంపౌండరమ్మే. తక్కువ మాట్లాడేది. నా హేతువాద ఉపన్యాసాలన్నీ సూదులు మరిగిస్తూ, మందులు కలుపుతూ, వినక తప్పని పరిస్థితిలో వినేది. ఎంత బాగా వినేదో తర్వాత తెలిసింది.

కొట్టంలో వలల కుప్ప వెనక, పాత చీర ముక్క మీద ఐదు కూనలూ ఒకదాని మీద ఒకటి పడుకొని ఉన్నాయి. తల్లి మమ్మల్ని చూసి బుసకొట్టి, వలల యజమానురాలి ఒడిలో కూర్చుంది. కూనల రెప్పలు అతుక్కుపోయి, కింద నిజంగానే గోలీలు దాచినట్టు ఉన్నాయి. పిల్లి కూన సాధారణంగా పుట్టిన వారానికీ రెండు వారాలకూ మధ్య కళ్లు తెరుస్తుంది. ఆ రెప్పలు ఇంకా మూసి ఉండగానే లోపల క్రిములు చేరితే, చీము బయటికి పోయే దారి ఉండదు. తెరిచే రోజు వస్తుందిలే అని ఎదురు చూస్తే, తెరిచేనాటికి లోపల కన్నే పాడైపోవచ్చు. కాబట్టి ఉబ్బు కనబడితే ఏడిళ్ల కోసమూ ఆగకూడదు, పద్నాలుగో రోజు కోసమూ ఆగకూడదు.

కాచి చల్లార్చిన నీళ్లు గోరువెచ్చగా ఉండగా, అందులో చిటికెడు ఉప్పు వేసి, దూది ముంచి రెప్పల మీద అద్దుతూ కూర్చోవాలి. ఎండిన చీము మెత్తబడి, ముక్కు వైపు మూలలో సన్నటి సందు విడుతుంది. అక్కడి నుంచి మెల్లగా. గోరు పెట్టకూడదు, బలం చేయకూడదు. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి తగలకూడదు. పది కళ్లకు గంటన్నర పట్టింది. ఎక్కువ కళ్లు కాంపౌండరమ్మే తెరిచింది. నా వేళ్లు ఎద్దుల నోళ్లు తెరవడానికి అలవాటు పడ్డవి. చీము తుడిచాక మొదటి కూన రెప్పల మధ్య నీలిరంగు మెరిసింది.

“అయ్యో నా తల్లీ, కండ్లున్నయే!” అంది ముసలావిడ, అరచేతులు రెండూ చెంపలకు ఆనించుకొని.

“ఎన్ని ఇండ్లు తిరిగింది?” అన్నాను నేను. గెలిచినవాడి గొంతుతో.

ఇంతవరకూ చేసినదంతా సరైన పనే. తప్పు తర్వాతి రెండు నిమిషాల్లో జరిగింది.

నేను సంచిలోంచి చుక్కల సీసా తీశాను. ఎర్రబడిన కన్ను అనగానే నా చెయ్యి వెళ్లేది ఆ సీసా మీదికే. క్రిములను చంపే మందూ, ఎరుపునూ వాపునూ తగ్గించే స్టెరాయిడ్ మందూ కలిసిన చుక్కలు. లేగదూడల నుంచి కుక్కపిల్లల దాకా అవే వేశాను. మూడు రోజుల్లో ఎరుపు పోయేది, యజమానులు సంతోషించేవారు.

కాంపౌండరమ్మ మెల్లగా అంది. “సార్, రంగు కాగితం ఉన్నది సంచిల. ఒక్కపారి పెట్టి జూద్దామా? తుమ్ముతున్నయ్ గూడ.”

రంగు కాగితమంటే సన్నటి నారింజ రంగు పట్టీ. దాని కొసను తడిపి కంట్లో అద్దితే రంగు పరుచుకుంటుంది. నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ చోట మాత్రం రంగు పచ్చగా నిలిచిపోతుంది, పుండు లేకపోతే కన్నీళ్లతో కడుక్కుపోతుంది. ఎప్పుడో శిక్షణకు వెళ్లినప్పుడు ఆమెకు ఒక డబ్బా ఇచ్చారు. దాన్ని ఆమె ప్రతిసారీ సంచిలో పెట్టేది, నేను ప్రతిసారీ తీయకుండానే వచ్చేవాణ్ణి.

“గింత కూనకు రంగు కాగితమేంది? ముప్పై ఏండ్ల నుంచి ఇవే చుక్కలు వేస్తున్న” అన్నాను.

ఐదు కూనలకూ మొదటి చుక్క నేనే వేశాను. రోజుకు మూడు పూటలా వేయమని, ముందు గోరువెచ్చని నీళ్లతో తుడవమని చెప్పి సీసా ముసలావిడ చేతిలో పెట్టాను. పోయేముందు వేలు చూపించి హెచ్చరించాను కూడా.

“మళ్ల ఇల్లు మారనియ్యకు. తలుపు మూసి ఉంచు. ఐదో ఇంటికి పోయిందని విన్ననంటే నేను మళ్ల నీ గడప తొక్క.”

“సరే సార్” అంది. ఆ “సరే” ఎంత భయంతో అన్నదో నేను పట్టించుకోలేదు.

ఐదో రోజు పొద్దున ఆమె చేపల గంపతో వచ్చింది. గంపలో గడ్డి, గడ్డి మీద గుడ్డ, గుడ్డ మీద మూడు కూనలు. మిగతా రెండూ ఏవి అంటే, “ఇంటికాడున్నయ్ సార్, మంచిగనే ఉన్నయ్” అని నేల చూస్తూ చెప్పింది. నేను కూనను ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టాను. నీలిరంగు మెరుపు పోయింది. నల్లగుడ్డు మీద పొగమంచు కమ్మినట్టు తెల్లటి పొర. రెండోదానికీ అంతే. మూడోదాని కుడికంటిలో పొర మధ్యన సూదిమొనంత గుంట ఉంది. ఆ గుంట ఇంకొంచెం లోతైతే కన్ను చిల్లుపడుతుంది.

అప్పుడు నాకేం తోచిందో దాచకుండా చెబుతాను. నా మందు మీద అనుమానం రాలేదు. ఆమె మీద వచ్చింది.

“ఏం పోసినవ్?”

“నీ మందే సార్.”

“నా మందు సంగతి నాకెర్కే. దాంతో పాటు ఏం పోసినవ్? ఏం పసరు? ఆముదమా? ఎవలన్న మంత్రం వేసిన నీళ్లా?”

“నా వల మీద ఒట్టు సార్. మూడు పూటల నీ మందే. పొద్దుగాల, పగటీలి, పొద్దుగూకంగ. ఒక్క చుక్క తక్కువగాలే.”

“ఒట్లు నాకొద్దు. నిజం చెప్పు.”

వరుసలో జనం ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కూనలను ఒక్కొక్కటిగా నా బల్ల మీంచి తీసి గంపలో పెట్టుకుంది. పెట్టుకొని గంప ఎత్తుకోబోతూ, నా ముఖంలోకి సూటిగా చూసి, ఆ ఉదయం ఆ ఆసుపత్రిలో పలికిన ఏకైక శాస్త్రీయమైన వాక్యం పలికింది.

“నీ మందు వొయ్యని రెండిటికి కండ్లు సుక్కల్లెక్క మెరుస్తున్నయ్. నీ మందు వోసిన మూడిటికి పొరలొచ్చినయ్. గిది నేను ఎవ్వలికి జెప్పుకోవాలె?”

మందులు కలుపుతున్న కాంపౌండరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

“ఏ రెండు?” అన్నాను.

అప్పుడు కక్కింది. మేము కూనల కళ్లు తెరిపించి వచ్చిన ఆ సాయంత్రమే, మందు రెండో పూట వేయకముందే, తల్లిపిల్లి రేకు సందులోంచి దూరి, ఒకదాని తర్వాత ఒకటి రెండు కూనలను గోడ అవతల కొత్త కాలనీలోకి చేరవేసింది. ఈమె చూసి సందు మూసేసరికి మూడే మిగిలాయి. కాలనీ ఇంటావిడ మంచిది, ఉంచుకుంటానంది. తల్లి మాత్రం తలుపు తీసినప్పుడల్లా రెండు చోట్లా తిరిగి పాలిస్తోంది. ఐదో ఇంటికి పోయిందని వింటే నేను గడప తొక్కనన్నాను కనుక ఈ సంగతి నాకు చెప్పలేదు.

మిత్రులారా, ఈ ముక్క రెండుసార్లు చదవండి. నాకు అత్యవసరంగా కావలసిన సమాచారం నాలుగు రోజుల పాటు నా ఆసుపత్రికి అర కిలోమీటరు దూరంలో ఉంది. నా నోటికి భయపడి నా దగ్గరికి రాలేదు. హేతువు కోసం కోపగించుకుంటున్నాననుకున్నాను. ఆ కోపం హేతువునే గేటు బయట నిలబెట్టింది, తాయెత్తుతో పాటు.

వరుసలో ఉన్నవాళ్లను కాసేపు ఆగమని బతిమాలి, గంపతో సహా ముగ్గురం బయలుదేరాం. నా బండి వెనక ముసలావిడ గంప ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పక్కన స్కూటీ మీద కాంపౌండరమ్మ. గట్టు మలుపు దగ్గర బండ్లు నెమ్మదించినప్పుడు ఆమె అంది.

“సార్, ఒక మాటంటే కోపానికి రావద్దు.”

“రాను. చెప్పు.”

“ఆనాడు ముప్పై ఏండ్ల నుంచి వేస్తున్న అన్నరు గద. ఎన్నేండ్ల నుంచో చెప్పిండ్రు. ఎప్పుడు పరీక్షించి చూసిండ్రో చెప్పలే.”

నా వాక్యం. నా ధోరణి. చప్పట్లు మాత్రం లేవు. నేను బండి నడపడం మీద శ్రద్ధ పెట్టాను.

కాలనీ ఇంటావిడ కృష్ణా జిల్లా వైపు మనిషి. భర్తకు మేడ్చల్ దగ్గర ఉద్యోగం, వచ్చి రెండేళ్లయింది. మమ్మల్ని చూసి కంగారు పడింది.

“రండి డాక్టరుగారూ, రండి. మామ్మగారూ, మీరూ లోపలికి రండి. వాషింగ్ మిషన్ వెనకాల పెట్టుకుందండీ. ఆ మోతకి జడుసుకుంటాయేమోనని నాలుగు రోజుల్నించీ బట్టలు చేత్తోనే ఉతుక్కుంటున్నాను. మా ఆయన ఒకటే నవ్వు.”

“నన్ను మామ్మగారంటది సార్” అంది ముసలావిడ నా చెవి దగ్గర, ఆ కష్టంలోనూ మురిసిపోతూ. “గారు! నా పెనిమిటి గూడ ఒక్కనాడు అనలే.”

ఫ్యాను వచ్చిన అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, రెండు కూనలు. ఎత్తి చూశాను. కళ్ల మూలల్లో కొంచెం తడి ఉంది. నల్లగుడ్డు మాత్రం అద్దంలా ఉంది.

“కండ్లకు ఏం వేసిన్రమ్మా?”

“ఏం వెయ్యలేదండీ. కాచిన నీళ్లతో తుడుస్తున్నాను, మామ్మగారు చెప్పినట్టు. మందు వేద్దామంటే ఏ మందో నాకు తెలీదు కదండీ. తెలీనప్పుడు చెయ్యి పెట్టకుండా ఊరుకోవడం నయమనుకున్నాను.”

చదువులోనూ సభల్లోనూ నేను నేర్వని పాఠం ఆమె గిన్నెలు తోముకునే చోట నిలబడి అలవోకగా చెప్పేసింది.

అయినా నా వృత్తి ధర్మం ఒకటి ఉంది. రెండు బాగున్నాయి, మూడు బాగాలేవు అన్నంత మాత్రాన రుజువు కాదు. తల్లి బలంగా ఉన్న రెండింటినే ముందు మోసుకుపోయి ఉండొచ్చు. అనుమానానికి మాత్రం చాలు. ఇన్నాళ్లూ తీయని డబ్బా ఆ ఇంటి వంటగట్టు మీద తీశాం. ఇంటావిడ కర్టెన్లు మూసింది. కాంపౌండరమ్మ తన సెల్‌ఫోన్ దీపానికి నీలిరంగు చాక్లెట్ కాగితం చుట్టింది. ఆ వెలుతురులో పుండు ఇంకా బాగా తెలుస్తుంది. మూడు కూనల ఆరు కళ్లలో ఐదింటిలో పచ్చటి మరకలు వెలిగాయి. ఒకదానిలో కొమ్మలు వేసిన చెట్టులా. కుడికంటి గుంట పచ్చటి బావిలా. కాలనీ కూనల్లో ఒక్క కంట్లో మాత్రం వెంట్రుకంత గీత కనబడింది, మిగతావి శుభ్రం.

తుమ్ములు, కొమ్మల మరక, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. పిల్లులకు వచ్చే వైరస్ జలుబు. అది కంటి మీద పుండు వేస్తుంది. ఎరుపు తగ్గించడానికి నా చుక్కల్లో ఉన్న స్టెరాయిడ్ ఆ పుండును మాననివ్వదు, ఇంకా తవ్వుతుంది. ఇది కొత్త విషయం కాదు. మా పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్షలో నేనే రాశాను, మార్కులు కూడా వేశారు.

నేను చేతులు కడుక్కొని ముసలావిడ ముందు నిలబడ్డాను. కాంపౌండరమ్మ, ఇంటావిడ చూస్తున్నారు.

“అక్కా, నువ్వేం పొయ్యలే. నేనే పోసిన. తప్పు నాది.”

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. “నాది తప్పు అంటే ఇడిసిపెడ్తననుకున్నవా? కండ్లు మల్ల తెప్పియ్యి. గా కొట్టంల పిల్లి లేకపోతే నా వలలన్ని ఎలుకల పాలే.”

అంతకన్నా న్యాయమైన తీర్పు ఏ కోర్టూ ఇవ్వలేదు.

ఆ రోజే తల్లినీ ఐదు కూనలనూ మా ఆసుపత్రి మందుల గదికి మార్చాం. పాత చుక్కలు ఆపేసి, స్టెరాయిడ్ లేని మామూలు యాంటిబయాటిక్ కంటి మలాం, రోజుకు ఐదుసార్లు, పది కళ్లకూ. మలాం వైరస్‌ను చంపదు. పుండులో ఇతర క్రిములు చేరకుండా కాపు కాస్తుంది. మాన్పుకునే పని కూన ఒంటిదే. అందుకే ఒళ్లు వెచ్చగా, కడుపు నిండుగా, ముక్కు శుభ్రంగా ఉంచాలి. ముక్కు మూసుకుపోయిన కూనకు వాసన తెలియదు, పాలు తాగడం మానేస్తుంది. కాలనీ ఇంటావిడను చూసి అసలు మందే అక్కర్లేదనుకోకండి. ఆ వెంట్రుకంత గీత ఇంకో వారానికి ఏమయ్యేదో ఎవరికి తెలుసు? ఆమె గెలిచింది తెలియని మందు వేయకపోవడంలో. తెలిసిన మందు వేయడం మన పని.

ఆ మూడు వారాలు నా ఉద్యోగంలో అత్యంత సంతోషకరమైన రోజుల్లో ఉన్నాయంటే మీరు నమ్మాలి. ఆదివారాలు కూడా మచ్చ బొల్లారంలోని మా ఇంటి నుంచి బండి వేసుకొని వచ్చేవాణ్ణి. ముసలావిడ తల్లిపిల్లికి చిన్న చేపలు తెచ్చేది. కాలనీ ఇంటావిడ మధ్యాహ్నాలు వచ్చి కూర్చొని, వలకు ముడి వేయడం ఆమె దగ్గర నేర్చుకునేది. రెండు రోజులకోసారి రంగు కాగితం పెట్టి చూసేవాళ్లం. పచ్చ మరక కుంచించుకుపోవడం చూడటమంత సుఖం నాకు ఏ చప్పట్లలోనూ దొరకలేదు. కాంపౌండరమ్మ ఒక క్యాలెండర్ కాగితం వెనక పెద్ద అక్షరాలతో “ఎప్పుడు పరీక్షించి చూశారు?” అని రాసి, జనానికి కనబడేలా కాకుండా, నా కుర్చీకి ఎదురుగా అంటించింది. నేను పదవీ విరమణ చేసేదాకా అది అక్కడే ఉంది.

నాలుగు కూనల కళ్లు పూర్తిగా తేటపడ్డాయి. ఐదోదాని ఎడమ కన్ను బాగయింది. కుడి కన్ను చిల్లుపడలేదు గాని, గుంట మానిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. ఆ కంటికి వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియదు. ఆ మచ్చ నా దస్తూరీ.

పంచుకునే రోజు వచ్చింది. తల్లీ, రెండు కూనలూ వలల కొట్టానికి. కాలనీ కూనలు రెండూ కాలనీకే. ఇంటావిడ అప్పటికే వాటికి పేర్లు పెట్టేసింది. మచ్చ కూన ఎలుకలకు పనికిరాదేమోనని ముసలావిడ సందేహిస్తుంటే, నేను తీసుకుపోతానన్నాను. ఆమె వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది.

“మోటరు కొట్టం ఒకటి. పక్కింటోళ్ల కట్టెల మోపు రెండు. బోర్లేసిన తెప్ప మూడు. నా కొట్టం నాలుగు. గీ గారమ్మ ఇల్లు ఐదు. నీ దవాఖాన ఆరు. ఇగ నీ ఇల్లు ఏడు. ఏడిండ్లు తిరిగినంకనే కండ్లు దెరుస్తయని నేను జెప్పలే?”

నేను నిటారుగా కూర్చున్నాను. ఇంత తేలికైన వాదన నా జీవితంలో ఎదురుపడలేదు.

“అక్కా, మిగిలిన నాలుగు పిల్లలు ఏడిండ్లు తిరగలే. వాటికే కండ్లు మంచిగున్నయ్. ఏడో ఇంటికి పోతున్న దీనికే ఒక కన్ను సరిగ్గ లేదు. నీ లెక్క తప్పు!”

ఆమె గంప నెత్తికెత్తుకుంది. “కండ్లు దెరుస్తయన్న గానీ, పిల్లి కండ్లు అని అన్ననా?”

మందుల బీరువా వెనక కాంపౌండరమ్మకు దగ్గు వచ్చింది. ఎంతకీ తగ్గని దగ్గు.

ఆమె వాదనలో తార్కిక దోషం ఉంది. రెండు రోజులకు జవాబు దొరికింది కూడా, గట్టి జవాబే. గట్టు మీదికి వెళ్లి చెప్పివద్దామనుకున్నాను గాని వెళ్లలేదు. మచ్చ కూన ఇప్పుడు మా ఇంట్లో పెద్ద పిల్లి. నా రాతబల్ల మీద కాగితాలన్నీ దానివే. కుడివైపు నుంచి వెళ్తే ఉలిక్కిపడుతుంది. అందుకని నేను బల్ల చుట్టూ తిరిగి, దానికి కనబడే వైపు నుంచి వెళ్తాను.